రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున షుగర్ పెరగడం: నిద్రలో ఆగే ఊపిరి చేసే పని

తర్వాత చదివేవాళ్ళ కోసం మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. మీకు 46 ఏళ్ళు. షుగర్ వచ్చి నాలుగేళ్ళయింది, మాత్రలతో నడుస్తోంది. పడుకునే ముందు చూసుకుంటే 125 ఉంటోంది, ఆ తర్వాత ఏమీ ముట్టుకోకపోయినా పొద్దున ఫాస్టింగ్ 150 దాటుతోంది. గురక ఎక్కువైందని స్లీప్ స్టడీ చేయిస్తే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ ఆప్నియా) ఉందని తేలింది, గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో చెప్పే ఏహెచ్‌ఐ 38 వచ్చింది. మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీపాప్ మెషీన్ మొదలుపెట్టి మూడు నెలలు. పదకొండింటికి మాస్కు పెట్టుకుని పడుకుంటారు, మూడింటి ప్రాంతంలో తెలిసో తెలియకో తీసేస్తారు, ఆరింటికి లేస్తారు. పగటి మత్తు తగ్గింది. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం కదల్లేదు, బరువు తగ్గకపోగా కిలోన్నర పెరిగింది. "గురకకీ షుగర్‌కీ నిజంగా సంబంధం ఉందా, లేక ఊరికే అంటగడుతున్నారా?" అన్నది మీ ప్రశ్న.

ఉంది. మీ షుగర్ మొత్తానికి అదే కారణమని అనను. కానీ పొద్దుటి ఆ అంకెలో దానికి వాటా ఉండి తీరుతుందని నా అనుమానం. ఆ వాటా ఎక్కువగా పోగయ్యేది మీరు మాస్కు తీసేశాక మిగిలే ఆ మూడు గంటల్లోనే. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది.

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. చదువుకునే రోజుల్లో స్లీప్ ల్యాబ్‌లో రాత్రి డ్యూటీలు చేశాను. అక్కడ తెర మీద ఒక్కో పేజీ ముప్ఫై సెకన్ల నిద్ర. పైన మెదడు తరంగాలు, కింద ముక్కు దగ్గర గాలి గీత, దాని కింద ఛాతీకీ పొట్టకీ కట్టిన పట్టీల గీతలు రెండు, అట్టడుగున వేలికి పెట్టిన క్లిప్పు చూపించే ఆక్సిజన్. గాలి గీత చిన్న చిన్న అలల్లా సాగిపోతూ ఉన్నట్టుండి చదునైపోతుంది. నాలుక వెనక్కి వాలి, గొంతులోని మెత్తటి కండ కూలబడి దారి మూసుకుపోయిందన్నమాట. ఛాతీ, పొట్ట మాత్రం ఆగవు. ఒకటి పైకి లేస్తుంటే ఇంకొకటి లోపలికి పోతూ, మూసిన తలుపుని పట్టుకుని లాగుతున్నట్టు పెనుగులాడతాయి. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి నలభై. అప్పుడు మెదడు గీతలో ఒక కుదుపు, పెద్ద గురక, ఒక్కసారిగా గాలి. గుండె పరుగందుకుంటుంది. ఆక్సిజన్ అంకె 95 నుంచి 84కి పడేది కూడా అప్పుడే, ఊపిరి తిరిగొచ్చేశాక. ఊపిరితిత్తుల్లోని రక్తం వేలి కొస దాకా రావడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది మరి. కొత్తలో ఇది నన్ను బాగా తికమక పెట్టేది. ఇంత జరిగినా ఆ మనిషికి మెలకువ వచ్చినట్టే గుర్తుండదు. పొద్దున అడిగితే "బాగానే పట్టింది డాక్టర్" అంటాడు.

మీ ఏహెచ్‌ఐ 38 అంటే గంటకి 38 సార్లు ఊపిరి పూర్తిగా ఆగడమో బాగా సన్నబడడమో జరుగుతోందని. 30 దాటితే తీవ్రమైనదే అంటాం. ఏడు గంటల నిద్రకి లెక్కేస్తే 266 సార్లు. మీకు తెలియకుండానే ఒంటికి 266 సార్లు ప్రాణం మీదకొస్తోంది.

ఇక షుగర్ సంగతి. మెడలో, మెదడుకి రక్తం పోయే ధమని రెండుగా చీలే చోట, కెరోటిడ్ బాడీ అని బియ్యపు గింజంత ముక్క ఉంటుంది, రెండు వైపులా ఒక్కొక్కటి. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో క్షణక్షణం రుచి చూడడమే దాని పని. ఆక్సిజన్ పడగానే అది, ప్రమాదం వస్తే ఒంటిని సిద్ధం చేసే సింపథెటిక్ నరాలని తట్టిలేపుతుంది. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ పెరుగుతాయి. ఎవరైనా తరుముకొస్తే ఒంట్లో ఏ ఏర్పాట్లు జరుగుతాయో అవే జరుగుతాయి: కాలేయం దాచుకున్న చక్కెరని రక్తంలోకి వదులుతుంది, కొవ్వు కణాలు ఫ్యాటీ ఆసిడ్లని విడుదల చేస్తాయి, క్లోమం ఇన్సులిన్ ఇవ్వడంలో వెనకాడుతుంది. పరిగెత్తాల్సిన కాళ్ళకి ఇంధనం కావాలి కదా. కానీ మీరు పరిగెత్తడం లేదు, మంచం మీద పడుకుని ఉన్నారు. వచ్చిన ఇంధనం ఖర్చయ్యే దారి లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఐదు లీటర్ల రక్తంలో, డెసిలీటరుకి 90 మిల్లీగ్రాముల చొప్పున, కరిగి ఉండే చక్కెర మొత్తం నాలుగున్నర గ్రాములు. ఒక టీస్పూను, అంతే. రాత్రిపూట కాలేయం మామూలుగానే గంటకి ఎనిమిది గ్రాముల దాకా వదులుతూ ఉంటుంది, మెదడు, కండరాలు దాన్ని వాడేస్తూ ఉంటాయి. అంటే రక్తంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు ప్రతి గంటా వస్తోంది, పోతోంది. వచ్చేది ఇంచుక పెరిగినా, పోయేది ఇంచుక తగ్గినా అంకె మారిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో క్లోమం వెంటనే ఇన్సులిన్ పెంచి సర్దేస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళలో ఆ సర్దుబాటే కుంటుపడింది. "రాత్రి ఏమీ తినలేదు, మరి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అందరూ అడుగుతారు. బయటి నుంచి రానక్కర్లేదు, లోపలే గోదాం ఉంది.

ఇది నా ఊహ కాదు. 2009లో జాన్స్ హాప్కిన్స్‌లో ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లకి ఐదు గంటల పాటు, మెలకువగా ఉండగానే, ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉండేలా గాలి ఇచ్చి చూశారు. ఇన్సులిన్‌కి ఒళ్ళు స్పందించే తీరు 17 శాతం తగ్గింది. దానికి ఏడాది ముందు షికాగోలో ఇంకో పని చేశారు. ఆక్సిజన్ జోలికి పోలేదు, నిద్ర గంటలు తగ్గించలేదు. మనిషి గాఢనిద్రలోకి జారుకోగానే చప్పుడు చేసి, పూర్తిగా లేవకుండా పై నిద్రలోకి మాత్రం లాగేవారు. మూడు రాత్రులు అలా చేస్తే ఆ స్పందన పావు వంతు పడిపోయింది. అందరూ ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసువాళ్ళే. ఊపిరి ఆగే జబ్బులో ఈ రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. ఆక్సిజన్ పడిలేవడం ఒకటి, నిద్ర తునకలవడం రెండోది.

కొవ్వు సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ నా దృష్టిలో అది ఇంకా ముఖ్యం. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో సీపాప్ అలవాటున్నవాళ్ళకి కొన్ని రాత్రులు మాస్కు మాన్పించి, నిద్రలో ఉండగానే పదే పదే రక్తం తీసి చూశారు. రక్తంలో ఫ్యాటీ ఆసిడ్లు, గ్లూకోజ్, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ మూడూ పెరిగాయి. రాత్రిపూట రక్తంలోకి అలా వచ్చిపడిన కొవ్వు ఊరికే ఉండదు. కండరంలో దూరి ఇన్సులిన్ మాట విననివ్వదు. కాలేయంలో చేరి కొంత అక్కడే పేరుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్లుగా తిరిగి రక్తంలోకి వస్తుంది. గురకతో వచ్చేవాళ్ళలో ఫ్యాటీ లివర్ అంతగా కనిపించడానికి లావు ఒక్కటే కారణం కాదు, ఇదీ ఉంది. మీ పాత రిపోర్టుల్లో ట్రైగ్లిజరైడ్లూ, కాలేయం ఎంజైములూ ఎలా ఉన్నాయో ఒకసారి తీసి చూసుకోండి.

ఇంకో గమ్మత్తు, ప్రశ్నలో మీరు రాయలేదు గానీ బహుశా ఉండే ఉంటుంది: రాత్రి రెండు మూడుసార్లు బాత్రూముకి లేవడం. షుగర్ వల్లనో, ప్రోస్టేట్ వల్లనో అనుకుంటారు. మూసుకున్న గొంతుతో గాలి లాగే ప్రయత్నంలో ఛాతీ లోపలి పీడనం బాగా పడిపోతుంది. రక్తం గుండె పై గదుల్లోకి ఎగబడుతుంది, గోడలు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, ఉప్పునీ నీటినీ బయటికి పంపమని మూత్రపిండాలకి ఒక హార్మోన్ ద్వారా కబురు పెడుతుంది. చాలామందికి మాస్కు పెట్టిన మొదటి వారంలోనే ఈ లేవడం తగ్గిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మెషీన్ మీద నమ్మకం కుదిరేది ఏ రిపోర్టు చూసో కాదు, ఇదిగో, దీనివల్లే.

బీపీ గురించి రెండు ముక్కలు. మామూలుగా నిద్రలో పది ఇరవై శాతం తగ్గాల్సిన బీపీ ఇలాంటివాళ్ళలో తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది. ఆ నరాల హడావుడి పగటికి కూడా పాకుతుంది. మూడు రకాల మందులు వాడుతున్నా బీపీ లొంగడం లేదంటే గురక గురించి అడగాల్సిందే.

ఇక మీరు తెల్లవారుజామున మూడింటికి మాస్కు తీసేయడం దగ్గరికొద్దాం. నిద్ర రాత్రంతా ఒకే తీరున ఉండదు. మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ. కలలొచ్చే నిద్ర, రెమ్ అంటామే, అది ఎక్కువగా ఉండేది రెండో సగంలో, తెల్లవారే కొద్దీ. ఆ నిద్రలో కళ్ళూ, ఊపిరి లాగే డయాఫ్రమూ తప్ప దాదాపు అన్ని కండరాలూ చచ్చుబడి ఉంటాయి. గొంతుని తెరిచి ఉంచే కండరాలు కూడా. అందుకే ఊపిరి ఎక్కువసేపు ఆగేదీ, ఆక్సిజన్ లోతుగా పడేదీ అప్పుడే. పైగా తెల్లవారుజామున కార్టిసాల్ పెరగడం అందరిలోనూ ఉండేదే, షుగర్ ఉన్నవాళ్ళలో ఫాస్టింగ్ పెరగడానికి అదొక కారణం. ఈ రెండూ ఒకే వేళకి కలిసొస్తాయి. మీరు సరిగ్గా ఆ వేళకి మాస్కు తీసి పక్కన పెడుతున్నారు.

మెషీన్ తెర మీద "ఏహెచ్‌ఐ 2" అని చూసి సంతోషిస్తున్నారేమో. అది మాస్కు ముఖం మీద ఉన్న గంటల లెక్క మాత్రమే. తీసేశాక ఏం జరిగిందో దానికి తెలియదు. నాలుగు గంటలకి గంటకి రెండు చొప్పున 8, మిగిలిన మూడు గంటలకి గంటకి 38 చొప్పున 114. మొత్తం 122, ఏడుతో భాగిస్తే గంటకి 17 పైనే. అంటే మీకిప్పుడున్నది తగ్గిన జబ్బు కాదు, తీవ్రం నుంచి మధ్యస్థానికి దిగిన జబ్బు. ఆ మూడు గంటల్లో రెమ్ ఎక్కువ కాబట్టి అసలు లెక్క ఇంతకంటే ఎక్కువే ఉండొచ్చు. పగటి మత్తు తగ్గడానికి మొదటి నాలుగు గంటలు చాలు. పొద్దుటి షుగర్‌కి చాలవు.

దీనికి నాకు కనిపించే ఆధారం ఇది. 2015లో షికాగోలో, షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్ళని ల్యాబ్‌లోనే పడుకోబెట్టి, రెండు వారాల పాటు రాత్రికి ఎనిమిది గంటలూ మాస్కు ఉండేలా దగ్గరుండి చూశారు. గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షలో మెరుగు కనిపించింది. ఇళ్ళలో వాడించి చూసిన పెద్ద పరీక్షల్లో మాత్రం హెచ్‌బీఏ1సీ చాలాసార్లు కదల్లేదు. గంటల తేడాయే కారణమని నా అభిప్రాయం. అది పూర్తి సమాధానం కాదని వాదించే డాక్టర్లున్నారు, వాళ్ళ వాదనలోనూ పస ఉంది. ఏళ్ళ తరబడి ఉన్న షుగర్‌కి లావు, వంశం, అలసిపోయిన క్లోమం అన్నీ కారణాలే. నిద్ర బాగుచేసినంత మాత్రాన అవి పోవు.

బరువు పెరగడం గురించి నేనే ముందు తప్పు ఒప్పుకోవాలి. ప్రాక్టీసు మొదట్లో నేనూ అందరికీ "మాస్కు పెట్టుకోండి, ఒళ్ళు తేలికపడుతుంది, నడుస్తారు, బరువు అదే తగ్గుతుంది" అని చెప్పేవాణ్ణి. వినడానికి బాగుంటుంది. నిజం అలా లేదు. సీపాప్ వాడినవాళ్ళ సగటు బరువు కొద్దిగా పెరుగుతుందని పరీక్షలన్నీ కలిపి చూస్తే తేలింది. రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాడడం, గుండె పరుగులు తీయడం కూడా ఖర్చే. ఆ పోరాటం ఆగిపోతే ఒంటి ఖర్చు కాస్త తగ్గుతుంది, తినే తిండి మాత్రం అంతే ఉంటుంది. జపాన్‌లోని క్యోటోలో 2016లో దీన్నే కొలిచారు. విశ్రాంతిలో ఒళ్ళు ఖర్చుచేసే శక్తి కొద్దిగా తగ్గిన మాట నిజమే, కానీ ఎవరు బరువు పెరిగారన్నది చివరికి వాళ్ళ తిండి అలవాట్లే తేల్చాయి. కాబట్టి ఆ కిలోన్నర చూసి మెషీన్ని తిట్టుకోకండి. అలాగని బరువు తగ్గించే పని దాని మీద వదిలేయకండి.

ఎందుకంటే బరువే ఇక్కడ అసలు మీట. అమెరికాలో విస్కాన్సిన్‌లో ఏళ్ళ తరబడి జనాన్ని గమనించి 2000లో చెప్పిన లెక్క నేను ఇప్పటికీ రోగులకి చెప్తాను: బరువు పది శాతం పెరిగితే ఏహెచ్‌ఐ సుమారు 32 శాతం పెరుగుతుంది, పది శాతం తగ్గితే సుమారు 26 శాతం తగ్గుతుంది. 2014లో ఇంకో పరీక్షలో లావున్నవాళ్ళని మూడు జట్లు చేసి, ఒక జట్టుకి సీపాప్, ఒక జట్టుకి బరువు తగ్గించే కార్యక్రమం, ఒక జట్టుకి రెండూ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత ఇన్సులిన్ స్పందన, ట్రైగ్లిజరైడ్లు బాగుపడింది బరువు తగ్గిన జట్లలోనే. సీపాప్ ఒక్కటే వాడినవాళ్ళలో ఆ రెండూ మారలేదు. నాలాంటి మాస్కు భక్తులకి అది మింగుడుపడని ఫలితం.

బరువు తగ్గితే గొంతు ఎలా తెరుచుకుంటుందో తెలుసా? నాలుకలోనూ కొవ్వు ఉంటుంది. ముఖ్యంగా వెనక భాగంలో, గొంతు వైపు. పెన్సిల్వేనియా యూనివర్సిటీవాళ్ళు బరువు తగ్గినవాళ్ళకి ముందూ తర్వాతా ఎమ్మారై తీసి 2020లో చూపించారు. ఏహెచ్‌ఐ తగ్గడంతో అన్నిటికంటే గట్టిగా ముడిపడింది నాలుకలోని కొవ్వు కరగడమే. పొట్ట చుట్టుకొలత చూసుకునే మనం నాలుక గురించి ఎప్పుడైనా ఆలోచించామా! సన్నగా ఉన్నవాళ్ళకి ఈ జబ్బు రాదని మాత్రం అనుకోకండి. చిన్న దవడ, లోపలికి ఉన్న గడ్డం చాలు.

షుగర్‌కీ బరువు తగ్గడానికీ ఇచ్చే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి అది కూడా. స్థూలకాయంతో పాటు మధ్యస్థం నుంచి తీవ్రం దాకా స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళ మీద ఏడాది పాటు పరీక్షిస్తే గంటకి సగటున 25 నుంచి 29 దాకా ఊపిరి ఆగడాలు తగ్గాయి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో ఐదు చొప్పునే తగ్గాయి. దాని ఆధారంగా 2024 డిసెంబరులో మందులకి అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఈ జబ్బుకి అనుమతి ఇచ్చింది. మీకు షుగరూ ఉంది కాబట్టి మీ డాక్టర్‌తో మాట్లాడదగిన విషయమే. వాంతి వచ్చినట్టుండడం, కడుపు ఇబ్బందులు ఉంటాయి, అందరికీ సరిపడదు, ఆపేస్తే బరువు తిరిగొస్తుంది. మాస్కు మూలన పడేయడానికి దాన్ని సాకు చేసుకోవద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ముందు మెషీన్ మెనూలోకి వెళ్ళి రెండు అంకెలు చూడండి: రాత్రికి ఎన్ని గంటలు వాడారు, లీక్ (మాస్కు సందుల్లోంచి బయటికి పోయే గాలి) ఎంత. మూడింటికే ఎందుకు తీసేస్తున్నారో చాలావరకు అక్కడే దొరుకుతుంది. మీది ఒత్తిడిని తనే మార్చుకునే ఆటో మెషీన్ అయితే రెమ్ నిద్రలో గొంతు ఎక్కువగా మూసుకుపోతుంది కాబట్టి అది ఒత్తిడి పెంచుతుంది. మాస్కు వదులుగా ఉంటే గాలి కళ్ళలోకి చిమ్మి మెలకువ వస్తుంది, సగం నిద్రలో లాగిపారేస్తారు. పట్టీలు కూర్చుని బిగించకండి. పడుకుని, మెషీన్ నడుస్తుండగా సరిచేసుకోండి. కూర్చున్నప్పటి ముఖం వేరు, పడుకున్నప్పటి ముఖం వేరు. ముక్కు దిబ్బడేస్తే గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ పెంచి చూడండి, తగ్గకపోతే ముక్కు డాక్టర్ని కలవండి. పొద్దున నోరు ఎండిపోయి ఉంటే నోటి గుండా గాలి పోతోందని అర్థం, మాస్కు రకం మార్చాలి.

బాత్రూముకి లేచినప్పుడు మాస్కు తీయకండి. గొట్టం మాత్రం ఊడదీసి వెళ్ళండి, వచ్చి మళ్ళీ తగిలించుకోండి. చాలా మాస్కుల్లో దానికోసమే క్లిప్పు ఉంటుంది. ఒకసారి ముఖం మీంచి తీస్తే సగం మంది మళ్ళీ పెట్టుకోరు, ఇది నా ఇన్నేళ్ళ లెక్క.

నిద్రమాత్రలు, మద్యం రెండూ గొంతు కండరాలని ఇంకా సడలిస్తాయి. మీరు ఏదైనా వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి. షుగర్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు తగ్గించొద్దు, పెంచొద్దు. మాస్కు రాత్రంతా నిలబడి, బరువు కూడా తగ్గడం మొదలైతే కొన్ని రకాల మాత్రలతో, ఇన్సులిన్‌తో షుగర్ మరీ పడిపోయే అవకాశం ఉంటుంది. చెమట, వణుకు వస్తే వెంటనే చూసుకోండి.

రెండు వారాలు ఒక కాగితం మీద పక్కపక్కనే రాయండి: రాత్రి మాస్కు ఉన్న గంటలు, పొద్దున ఫాస్టింగ్. హెచ్‌బీఏ1సీ మారడానికి రెండు మూడు నెలలు పడుతుంది, దాని కోసం ఇప్పుడే కంగారు అక్కర్లేదు. ఆరు గంటలు దాటిన రాత్రులకీ నాలుగు దగ్గర ఆగిన రాత్రులకీ తేడా కనిపిస్తుందా లేదా అన్నది ముందు చూద్దాం. కనిపించకపోతే అదీ సమాచారమే, అప్పుడు మీ షుగర్ డాక్టర్‌తో మందుల గురించి మాట్లాడాలి. ఆ కాగితంతో పాటు లీక్ అంకె, మాస్కు రకం కూడా ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.